అమ్మకు రేపు పొద్దున తుంటి ఆపరేషన్. స్టడీ ఫారం ఇచ్చారు, సంతకం పెట్టాలా వద్దా?

పుత్తూరబ్బాయి | సోమవారం, రాత్రి 9:52

అందరికీ నమస్కారం. టెన్షన్‌లో రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. మా అమ్మకు 71 ఏళ్లు. శనివారం తెల్లారి కళ్లాపి చల్లి లోపలికి వస్తూ గడప దగ్గర జారిపడింది. ఎడమ తుంటి ఎముక విరిగింది. మాది పుత్తూరు పక్కన పల్లె, ఇంక చెప్పేదేముంది, ఊరంతా రాచపాలెం తీసుకుపో, కట్టు కట్టించు అన్నారు. మా మామైతే ఆటో కూడా పిలిచేశాడు. నేను వినకుండా తిరుపతిలో ఒక ఆసుపత్రికి తెచ్చా, పేరు వద్దులెండి.

ఇందాక ఎనిమిదిన్నరకు ఒక చిన్న డాక్టరమ్మ వచ్చింది. మత్తు డిపార్ట్‌మెంట్‌లో పీజీ అంట. ఆపరేషన్‌కు ఒక కాగితం, మత్తుకు ఒకటి, రక్తానికి ఒకటి, వాటితోపాటే నాలుగు పేజీలది ఇంకొకటి చేతిలో పెట్టింది. అది ఆమె థీసిస్ స్టడీదంట. వెన్నులో మత్తు సూది వేయాలంటే అమ్మను కూర్చోబెట్టాలి కదా, విరిగిన తుంటితో కూర్చోవడమంటే ప్రాణం పోయినట్టే, ఆ నొప్పి తగ్గించడానికి రెండు దారులున్నాయంట. ఒకటి గజ్జ కింద తొడలో మందు వేసి ఆ భాగాన్ని మొద్దుబార్చడం, రెండోది సెలైన్ గొట్టంలోనే నొప్పి ఇంజెక్షన్. అమ్మకు ఏది వస్తుందో పొద్దున కవర్ చించితేగానీ తెలియదంట. చెన్నైలో ఉన్న మా అక్క ఫోన్‌లో ఒకటే అరుపు, అమ్మ మీద ప్రయోగాలు చేయిస్తావా అని. ఆరుకల్లా చెప్పాలి. ఏం చేయమంటారు?

నిప్పు_రవ్వ | 10:01

పెట్టొద్దు. అంతే. రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చి, మూడు కాగితాల మధ్యలో నాలుగోదిగా తోసి, పొద్దున ఆరుకు జవాబు కావాలనడంలోనే తెలుస్తోంది కదా వాళ్ల మర్యాద. మీ అక్క చెప్పింది కరెక్ట్.

సుబ్బన్న_చిత్తూరు | 10:06

రాచపాలెం పోయుంటే ఈ ఫారాలు, థీసిస్‌లు ఏమీ ఉండేవి కాదు కదబ్బా. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, గుడ్డ. అయిపాయె. మా నాయన చెయ్యి విరిగితే అక్కడే కట్టించాం, ఈ రోజుకీ కొబ్బరికాయలు కొడతాడు.

మత్తు_మాస్టారు | 10:19

నేను మత్తు డాక్టర్‌నే, మీరున్న ఆసుపత్రి కాదు. ముందు సుబ్బన్నకు. మీ నాన్నగారి చెయ్యి సంగతి నేను కాదనను, చేతి ఎముక పక్కకు జరగకుండా విరిగితే బద్దలు కట్టి కదలకుండా ఉంచినా అతుక్కుంటుంది, మేం పిండికట్టు వేసేదీ అందుకే. తుంటి వేరు. 71 ఏళ్ల మనిషిని కట్టు కట్టి రెండు నెలలు మంచంలో పడుకోబెడితే ఎముక సంగతి అటుంచు, వీపున పుండ్లు, ఊపిరితిత్తుల్లో నిమ్ము, కాళ్లలో రక్తం గడ్డలు, వీటితో పోతారు. లేపి కూర్చోబెట్టడానికే ఆపరేషన్. హిప్ అటాక్ అని ఒక పెద్ద పరిశోధన 2020లో వచ్చింది. 17 దేశాలు, 2,970 మంది. తుంటి విరిగిందని తేలిన ఆరు గంటల్లో ఆపరేషన్ చేస్తే మేలా, ఒక రోజు తర్వాత మామూలుగా చేస్తే మేలా అని చూశారు. చావుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, కానీ తొందరగా చేసినవాళ్లలో ఆపరేషన్ తర్వాత మతి తప్పి మాట్లాడటం తగ్గింది, త్వరగా లేచి నిలబడ్డారు. శనివారం పడితే మంగళవారం అవుతోంది కాబట్టి, తమ్ముడూ, దేనికోసమైనా సరే ఇంక వాయిదా మాత్రం వేయనివ్వకండి.

ఇక ఫారం. మీరు చెప్పిన ఆ రెండు పద్ధతులూ మేం రోజూ చేసేవే, కొత్త మందేమీ లేదు. నేనైతే తొడను మొద్దుబార్చే బ్లాకే ఇస్తాను, నాకు అది ఇష్టం. నా పక్క థియేటర్ ఆయన ఇంజెక్షనే ఇస్తాడు, ఆయనకు అది అలవాటు. అంటే రేపు మీ అమ్మకు ఏది ఇచ్చేదీ ఆ రోజు డ్యూటీలో ఎవరున్నారనే దాన్నిబట్టి ఉంటుంది. స్టడీలో ఆ నిర్ణయం కవర్‌లోని చీటీ చేస్తుంది. మన తిరుమల ఆర్జిత సేవల లక్కీ డిప్ లాంటిదే అనుకోండి, సిఫారసు పనిచేయదు.

నిప్పు_రవ్వ | 10:27

మాస్టారూ, లక్కీ డిప్‌లో టికెట్ రాకపోతే సర్వదర్శనానికి పోతాం. ఈడ నొప్పి పడేది ఒక ముసలామె. ఎవరికి ఇష్టమైంది వాళ్లు ఇస్తే కనీసం ఆ డాక్టర్ ఆమె ముఖం చూసి నిర్ణయిస్తాడు. కవర్‌కు కళ్లుంటాయా?

ఇంకోటి. ఖమ్మం మర్చిపోయారా? 2009లో అప్పటి మన రాష్ట్రంలోనే, మూడు మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు దాదాపు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. అమ్మానాన్నల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు! 2010 ఏప్రిల్‌లో ఆపేశారు, పార్లమెంటు కమిటీ 2013లో గట్టిగా తలంటింది. అది చదివినప్పట్నుంచి నాకు ఫారం అంటేనే మంట.

మత్తు_మాస్టారు | 10:38

ఖమ్మం విషయంలో మీతో వాదన లేదు. అక్కడ చనిపోయిన పిల్లల మరణాలకు టీకా కారణం కాదనే విచారణలో తేలింది, అయినా సంతకాల తంతు మాత్రం సిగ్గుచేటే, అందులో రెండో మాట లేదు. కానీ దాన్నుంచి నేర్చుకోవాల్సింది సంతకం ఎవరు పెట్టాలి, ఎలా పెట్టించాలి అని. అసలు పరిశోధనే వద్దని కాదు.

డాక్టర్ ముఖం చూసి నిర్ణయిస్తాడన్నారు. నిజమే, మంచి మాట. తలకు దెబ్బ తగిలి వచ్చినవాళ్లకు స్టిరాయిడ్ ఇవ్వడం అలా ముఖం చూసి నిర్ణయించిందే. మెదడు వాపు తగ్గుతుందని ఏళ్ల తరబడి ఇచ్చారు, మా గురువులూ ఇచ్చారు. చివరికి క్రాష్ అనే పరిశోధనలో 10,008 మందిని చీటీ వేసి రెండు గుంపులు చేశారు. 2004లో ఫలితం వచ్చింది. రెండు వారాల్లో చనిపోయింది మందు ఇవ్వనివాళ్లలో నూటికి 17.9, ఇచ్చినవాళ్లలో 21.1. మేలు చేస్తున్నామనుకుంటూ చంపుతున్నాం. ఎవరూ చీటీ వేసి చూడకపోతే ఇప్పటికీ ఇస్తూనే ఉండేవాళ్లం, పేషెంట్ పోతే తల దెబ్బ గట్టిదమ్మా అని చెప్పేవాళ్లం.

హైవే_శీనా | 10:44

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోవద్దు. నాది అంబులెన్స్ పని, భాకరాపేట ఘాట్ నుంచి తెచ్చిన కేసులు లెక్కలేదు. రక్తం కారుతున్న వాళ్లకి టీఎక్స్ఏ అని ఒక ఇంజెక్షన్ ఇస్తారు, మూడు గంటలు దాటితే వద్దంటారు. అదీ ఇట్లా చీటీలేసి కనిపెట్టిందేనా?

మత్తు_మాస్టారు | 10:51

అదే శీనా. ట్రానెక్సమిక్ యాసిడ్, జపాన్‌లో ఒకామోటో అనే భార్యాభర్తలు 1960ల్లో కనిపెట్టిన పాత మందు. దెబ్బలు తగిలినవాళ్లకు పనికొస్తుందని తేలింది మాత్రం 2010లో, క్రాష్-2తో. 40 దేశాలు, 274 ఆసుపత్రులు, 20,211 మంది, అందులో మన దేశం వాళ్లూ చాలామందే. చావులు నూటికి 16 నుంచి 14.5కు తగ్గాయి. చిన్న తేడాలా కనిపిస్తుంది, నీ అంబులెన్స్‌లో పడుకున్నవాడికి చిన్నది కాదు. తర్వాత గంటల లెక్క విడదీసి చూస్తే మొదటి గంటలో ఇస్తే మేలు ఎక్కువ, మూడు గంటలు దాటాక ఇస్తే రక్తస్రావం చావులు పెరిగాయి. నువ్వు రోడ్డు మీద గడియారం చూసుకోవడం అక్కడి నుంచి వచ్చిందే. ఆ ఇరవై వేల మందిలో ఒప్పుకుంటున్నామని చెప్పే స్థితిలో లేనివాళ్లూ ఉన్నారు, వాళ్ల తరఫున ఇంటివాళ్లో, వాళ్లు లేకపోతే డాక్టర్లో నిర్ణయించారు.

చంద్రగిరి_చిన్నక్క | 11:02

తమ్ముడూ పుత్తూరబ్బాయీ, నేను ఆర్థో వార్డులో స్టాఫ్ నర్సుగా పద్నాలుగేళ్లు చేశా. నిప్పు రవ్వ గారి మాటలో సగం నిజముంది, దాన్ని దాటేయొద్దు. అన్ని కాగితాలూ ఒకే కట్టలో ఇచ్చేసి, ఇక్కడ ఇక్కడ ఇక్కడ అని పెన్నుతో గుర్తు పెట్టేసి వెళ్లిపోవడం నేను ఎన్నోసార్లు చూశా, మనసొప్పక గొడవ కూడా పడ్డా. ఆ పీజీ పిల్లలు 24 గంటల డ్యూటీలో ఉంటారు పాపం, అయినా అది సాకు కాదు. ఫారంలో ఇవి ఉన్నాయో లేదో చూడు: ఎథిక్స్ కమిటీ, అంటే పేషెంట్లకు అన్యాయం జరగకుండా స్టడీలను చూసే కమిటీ, ఒప్పుకున్నట్టు, ఎవరికి ఫోన్ చేయాలో నంబరు, ఒప్పుకోకపోయినా వైద్యం అంతే జరుగుతుందన్న మాట, మధ్యలో మానుకోవచ్చన్న మాట. సీటీఆర్ఐ నంబరు ఉంటే ఇంకా మంచిది, అది మన దేశంలో జరిగే ట్రయల్స్ రిజిస్టర్, 2007లో పెట్టారు, ఎవరైనా నెట్‌లో వెతుక్కోవచ్చు. తెలుగు కాపీ ఇచ్చారా?

పుత్తూరబ్బాయి | 11:10

ఇచ్చారక్కా, రెండు భాషల్లోనూ ఉంది. తెలుగు మాత్రం సంస్కృతంలా ఉంది, చీటీ వేయడాన్ని "యాదృచ్ఛికీకరణ" అంట, నాకే నోరు తిరగలేదు. ఎథిక్స్ కమిటీ నంబరుంది, ఫోన్ నంబరుంది. మానుకోవచ్చని కూడా ఉంది. సీటీఆర్ఐ నంబరు కొట్టి చూశా, వచ్చింది, ఆ డాక్టరమ్మ పేరే ఉంది.

మాస్టారూ, ఇంకో డౌటు. అసలు వెన్నులో సూది ఎందుకు, పూర్తిగా మత్తిచ్చి పడుకోబెడితే ఈ కూర్చోబెట్టే గొడవే ఉండదు కదా?

మత్తు_మాస్టారు | 11:21

అడగాల్సిన ప్రశ్నే. మాలో సగం మంది ముసలివాళ్లకు వెన్నుమత్తే మంచిదని ఒట్టేసి చెప్పేవాళ్లు. అమెరికా, కెనడాలో రీగెయిన్ అని చేశారు, 2021లో వచ్చింది. తుంటి విరిగిన 1,600 మందిని చీటీ వేసి సగం మందికి వెన్నుమత్తు, సగం మందికి పూర్తి మత్తు. 60 రోజులకు చనిపోయినవాళ్లు, లేదా కొత్తగా నడవలేకపోయినవాళ్లు కలిపి చూస్తే వెన్నుమత్తులో నూటికి 18.5, పూర్తి మత్తులో 18. అంటే ఒకటే. కాబట్టి మీ అమ్మగారి గుండె, ఊపిరితిత్తులు, వేసుకునే మందులు చూసి ఏదైనా ఎంచుకోవచ్చు. రక్తం పలచబడే మాత్రలు ఏమైనా వేసుకుంటున్నారా? అది మాత్రం రాత్రికే చెప్పండి, పొద్దుటిదాకా ఆగొద్దు, వెన్నుసూదికి అది ముఖ్యం.

పుత్తూరబ్బాయి | 11:24

లేదు సార్, బీపీ మాత్ర ఒకటే. అడిగారు, చెప్పాం.

రేణిగుంట_రాజి | 11:30

నాకూ ఒక మాట చెప్పండి. మా ఆయనకు పోయినేడాది బైక్ యాక్సిడెంట్‌లో కాలు ఎముక బయటికొచ్చింది. రాడ్ వేశారు, నెలకు చీము. మూడుసార్లు థియేటర్‌కు తీసుకుపోయారు. బంగారం కుదువ పెట్టాం. ఇన్‌ఫెక్షన్ల మీద ఎవరూ ఇట్లా చీటీలేసి చూడరా?

మత్తు_మాస్టారు | 11:43

చూస్తారమ్మా. చర్మం చీల్చుకుని బయటపడ్డ ఎముకకు ఇన్‌ఫెక్షన్ భయం ఎప్పుడూ ఉంటుంది, ఎవరి తప్పూ లేకపోయినా రావచ్చు. మీ కేసులో ఏం జరిగిందో నాకు తెలియదు కాబట్టి దాని గురించి మాట్లాడను. అలాంటి గాయాన్ని సబ్బునీళ్లతో కడిగితే బాగా శుభ్రపడుతుందని అందరికీ అనిపించేది, బట్టలకే సబ్బు వాడతాం కదా. ఫ్లో అనే స్టడీలో 2,447 మందిని చూశారు, 2015లో వచ్చింది, మన దేశం వాళ్లూ ఉన్నారు. సబ్బుతో కడిగినవాళ్లలో మళ్లీ ఆపరేషన్ అవసరమైంది నూటికి 14.8, ఉత్త సెలైన్‌తో అయితే 11.6. ధారగా గట్టిగా కొట్టినా, మెల్లగా పోసినా ఒకటే. సెలైన్ ఎంత చవకో మీకు తెలుసు.

చంద్రగిరి_చిన్నక్క | 11:50

నాకు బాగా నచ్చింది చీతా స్టడీ, అది మా నర్సుల పనిది. కడుపు ఆపరేషన్ల గురించి, 2022లో వచ్చింది. కుట్లు వేసే ముందు గ్లవుజులు మార్చుకుని, కొత్త పనిముట్లు తీసుకోవాలి. ఇంతే! ఇండియాతో కలిపి ఏడు దేశాలు, 13,301 మంది. గాయంలో చీము పట్టింది మార్చనిచోట నూటికి 18.9, మార్చినచోట 16. నేను ఇది చెబితే మా పాత సర్జన్ ఒకాయన గ్లవుజుల ఖర్చు ఎవరిస్తారు అన్నాడు. రాజీ, నీ బంగారం లెక్క ఆయనకు చెప్పాల్సింది.

నిప్పు_రవ్వ | 11:58

సరే, ఇవన్నీ ఒప్పుకుంటా. కానీ లాభం ఎవరికి? రేపు ఆ అమ్మ నొప్పి నంబరు రాసుకుని పీజీకి డిగ్రీ వస్తుంది. అమ్మకేం వస్తుంది?

వేలూరు_బస్సు | మంగళవారం, ఉదయం 12:15

నిద్ర పట్టక చదువుతున్నా. రవ్వ గారూ, మీ ప్రశ్నకు నా దగ్గర ఒక జవాబుంది, మీకు నచ్చకపోవచ్చు.

నాకు జిస్ట్ అనే జబ్బు, పొట్ట గోడలో వచ్చే అరుదైన క్యాన్సర్. అరుదైనదంటే ఏడాదికి లక్షమందిలో ఆరుగురికన్నా తక్కువ మందికి వచ్చేవి, అలా లెక్కపెడతారంట. చిత్తూరులో మొదట చూపించుకున్న డాక్టర్ అల్సర్ అన్నాడు, ఆయన్ను తప్పుపట్టను, ఆయన జీవితంలో నాలాంటి కేసు రెండోది కూడా చూసి ఉండడు. ఆఖరికి వేలూరులో తేలింది. ఆపరేషన్ అయ్యాక ఇమాటినిబ్ మాత్ర రాశారు. ఎన్నాళ్లు డాక్టర్ అంటే మూడేళ్లు అన్నారు. ఒక ఏడాది చాలదా అని బేరమాడా, ఇంటి పరిస్థితి అట్లాంటిది.

అప్పుడు ఆయన చెప్పిన సంగతి. 2000లో ఫిన్లాండ్‌లో ఒక్క పేషెంట్‌కు ఈ మందు ఇచ్చి చూశారంట, ఒక్కరే! అంతకుముందు ఈ జబ్బుకు కీమో దేనికీ పనిచేయలేదు. ఆ ఒక్కరికి గడ్డలు కరిగాయి, అక్కడ మొదలైంది. తర్వాత ఒక ఏడాది వేసుకుంటే మేలా, మూడేళ్లా అని తేల్చడానికి యూరప్‌లో నాలుగు దేశాలు కలిస్తేగానీ 400 మంది దొరకలేదు. ఐదేళ్లకు బతికున్నవాళ్లు ఏడాది మాత్రలో నూటికి 82 దాకా, మూడేళ్ల మాత్రలో 92. 2012లో వచ్చింది. నా మూడేళ్లు ఆ 400 మంది సంతకాల మీద నడిచాయి. వాళ్లలో సగం మందికి ఏడాది మాత్రే వచ్చింది, వాళ్లకేం లాభమని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

మందు ధర సంగతి కూడా చెప్పాలి, కంపెనీ మందు నెలకు లక్ష పైన ఉండేది, 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు పేటెంట్ కుదరదని చెప్పింది కాబట్టి మన కంపెనీల మాత్రలతో నాలాంటోడు నెట్టుకొచ్చాడు. అది వేరే కథ.

నిప్పు_రవ్వ | 12:24

అన్నా, మీరు బాగుండాలి. నా మాట వెనక్కి తీసుకోను గానీ, ఈ రాత్రికి ఇంక వాదించను.

మత్తు_మాస్టారు | 12:31

పడుకునే ముందు ఒకటి. ఇందాకట్నుంచి అందరం సంతకం పెట్టాలా వద్దా అని పుత్తూరబ్బాయికే చెబుతున్నాం, నాతో సహా. తమ్ముడూ, మీ అమ్మగారు స్పృహలో ఉన్నారు కదా? మాట్లాడుతున్నారు కదా? ఖమ్మంలో వార్డెన్ పెట్టిన సంతకం గురించి అంతసేపు మాట్లాడుకుని, ఇక్కడ మనం కొడుకు చేత పెట్టిస్తున్నాం. ఆమెను అడిగారా?

పుత్తూరబ్బాయి | 12:40

లేదు సార్.

నిజంగా తట్టలేదు. ఫారం నా చేతికే ఇచ్చారు, అక్క నాతోనే గొడవపడింది. అమ్మకు చదువు రాదు, ఆమెకేం తెలుసులే అనుకున్నా. ఇప్పుడు నిద్రపోతోంది.

చంద్రగిరి_చిన్నక్క | 12:46

చదువు రాకపోతే ఫారం చదివి వినిపించాలి, అప్పుడు ఆసుపత్రితోగానీ స్టడీతోగానీ సంబంధం లేని సాక్షి ఒకరు పక్కనుండాలి, వేలిముద్ర ఆమెదే పడాలి. అయిదుకు లేపు. నీ మాటల్లో చెప్పు, ఆ యాదృచ్ఛిక గోల వద్దు.

పుత్తూరబ్బాయి | మంగళవారం, సాయంత్రం 6:20

ఆపరేషన్ అయ్యింది. అమ్మ బాగుంది. అందరికీ చేతులెత్తి దండం.

పొద్దున అయిదుకు లేపి నేనే చెప్పా, రెండు రకాల మందులు, చీటీలో ఏది వస్తే అది, వద్దంటే వద్దు, ఎవరూ ఏమీ అనుకోరు అని. ఆరుకు ఆ డాక్టరమ్మ వస్తే అమ్మే పిలిచి పక్కన నిలబెట్టింది. నువ్వెన్నో ఏడు చదువుతున్నావు, రాత్రి తిన్నావా అని మొదలుపెట్టింది, నాకు తల తిరిగిపోయింది. తర్వాత అడిగింది: నొప్పి పదికి ఎంత అని నన్ను అడుగుతావంట, నాకెట్లా తెలుస్తుంది? డాక్టరమ్మ పది అంటే మీరు ఇంతవరకు పడ్డ నొప్పుల్లో పెద్దదమ్మా అంది. అయితే పది నీ ముందు కూర్చున్న వీడి కాన్పు, అప్పుడు మంత్రసాని కూడా దొరకలేదు, అట్లయితే ఇప్పుడు కదిలితే ఎనిమిది అని రాసుకో అంది. ఆ పిల్ల నిజంగానే రాసుకుంది, నవ్వుతూ. ఆ చీటీలో ఏదొచ్చినా కూర్చోబెట్టేటప్పుడు నొప్పి తగ్గకపోతే ఇంకో మందు కూడా ఇస్తావా అని కూడా అడిగింది. ఇస్తాను, అది ఫారంలోనే ఉందంది, మూడో పేజీలో చూపించింది కూడా. నేను ఆ లైను చదవనే లేదు. పక్క బెడ్ వాళ్లబ్బాయి సాక్షి సంతకం పెట్టాడు, అమ్మ వేలిముద్ర వేసింది. అక్కకు అమ్మే ఫోన్ చేసి చెప్పింది, ఇక అక్క కిక్కురుమనలేదు.

ఏ మందు వచ్చిందో నాకు తెలియదు. కూర్చోబెట్టినప్పుడు మూడు అని చెప్పిందంట.

నిప్పు_రవ్వ | 6:34

ఇంకో మందు ఇస్తావా అన్న ప్రశ్న నాకు తట్టాల్సింది. అమ్మకు నా నమస్కారాలు. ఆ పిల్లకు రాత్రి ఎనిమిదిన్నరకు కట్టలో కలిపి ఇవ్వొద్దని మాత్రం చెప్పు.

పుత్తూరబ్బాయి | 6:41

చెప్పానన్నా. సారీ చెప్పింది.

రేపు వాకర్‌తో నిలబెడతారంట. ఇంట్లో మాది నేల మరుగుదొడ్డి, ఎత్తు కుర్చీ లాంటిది ఏదో కావాలన్నారు. తిరుపతిలో అద్దెకు దొరుకుతుందా, కొనాల్సిందేనా?

రేణిగుంట_రాజి | 6:55

కమోడ్ చైర్ అని అడుగు. రుయా ఆసుపత్రి ఎదురుగా మెడికల్ షాపుల్లో కనుక్కో. లేదంటే మా ఆయనకు కొన్నది అటక మీదుంది, ఇప్పుడు అక్కర్లేదు. పుత్తూరు పోయేటప్పుడు మా ఇంటి మీదుగా వచ్చి తీసుకుపో, మెసేజ్ పెట్టు.